ఊబినేల సాక్ష్యం

నేను ముప్ఫయి యేళ్ళు కళాశాలలో అర్థశాస్త్రం చెప్పాను. ఆ ముప్ఫయి యేళ్ళూ ఏటేటా నల్లబల్ల మీద ఒకే పట్టిక రాసేవాణ్ణి: సాగుభూమి, అడవి, పచ్చిక బయలు, బంజరు. నాలుగో గడి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం పెరిగేది. ఇంత బంజరు పడి వుండగా ఇంతమందికి సెంటు భూమి లేకపోవడం ఏమిటని అడిగేవాణ్ణి. పిల్లలు ఉత్సాహంగా వినేవారు. విద్యార్థి రోజుల్లో ఊరేగింపుల్లో నేను ఎలుగెత్తి అరిచిన నినాదమే అది. ఆ నినాదం తప్పని ఇవాళ కూడా అనను. కాని ఆ నాలుగో గడిని మొదట గీసిందెవరు, ఏ నేలను అందులోకి తోశారు అని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురుకాలేదు. నీలగిరి కొండల మీద, మోకాలి లోతు నల్లబురదలో ఎదురయింది.

కొన్నేళ్ళ కిందట, ఉద్యోగ విరమణ తర్వాత, ఒక డిసెంబరులో అక్కడికి వెళ్ళాను. పిలిచినవాడు నా పాత మిత్రుడు, వృక్షశాస్త్రం చెప్పి విరమించినవాడు, కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువాడు. వాళ్ళ పూర్వులు ఎన్నో తరాల కిందట అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. మనం మరచిపోయిన మాటలు కొన్ని వాళ్ళ ఇళ్ళలో ఇంకా బతికి వున్నాయి. వాళ్ళ పొలం గోపిచెట్టిపాళయం వైపు, భవానీ నీళ్ళ కింద వుంది. “మా వరి ఎక్కడ పండుతుందో చూపిస్తాను, రండి మాస్టారూ” అన్నాడు. పొలానికి తీసుకుపోతాడనుకున్నాను. బస్సెక్కించి కొండమీదికి తీసుకుపోయాడు.

మర్నాడు తెల్లవారకముందే లేపి, ఊటీకి పడమరగా కొన్ని మైళ్ళ దూరంలో ఒక లోయ అంచున నిలబెట్టాడు. వెలుగు వచ్చింది. లోయ అడుగంతా సున్నం చల్లినట్టు తెల్లగా వుంది. పైన వాలుమీద గడ్డి మాత్రం మామూలుగానే వుంది. పైన లేని మంచు కింద వుండడం నాకు తలకిందులుగా తోచింది. మిత్రుడు నవ్వి చెప్పాడు: రాత్రి చల్లబడిన గాలి బరువెక్కుతుంది, బరువెక్కి, నీళ్ళలాగే వాలుమీదినుంచి పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది, కాబట్టి గడ్డకట్టే చలి కొండ కొమ్ము మీద కంటే లోయ అడుగునే ఎక్కువ. చెట్టు విత్తనం పడి మొలకెత్తినా ఆ చలికి మాడిపోతుంది. అందుకే ఇక్కడ చెట్లన్నీ కొండల మడతల్లో గుబురుగా దాక్కున్నాయి. వాటిని షోలాలంటారు. బోడి వాలులనిండా గడ్డి. అడుగున, నీరు నిలిచే చదునుల్లో, ఊబి. ఈ మూడూ ఒకే ఇంట్లో మూడు గదుల్లాంటివన్నాడు.

ఇంకొంచెం ఎండ వచ్చాక కిందికి దిగాం. చూస్తే ఆకుపచ్చని మైదానంలా వుంది. నేను ధైర్యంగా అడుగు వేశాను. నేల కిందికి కుంగి, చుట్టూ మూడు గజాల మేర వణికింది. రెండో అడుగుకు మోకాలిదాకా దిగబడ్డాను. కాలు వచ్చింది గాని చెప్పు రాలేదు. అవతల గేదెల్ని తోలుకుపోతున్న ఒక తోడ పెద్దాయన ఆగి, నన్ను చూసి పెద్దగా నవ్వాడు. తమిళంలో ఏదో అన్నాడు. “గేదె నడిచిన చోట నడవమంటున్నాడు, గేదెకు తెలుసట, మీకు తెలియదట” అని మిత్రుడు తెలుగు చేశాడు. నేనూ నవ్వాను. కాని ఆ మాట తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు.

మిత్రుడు వంగి, నేను తవ్విన గుంటలోంచి దోసెడు నల్లమట్టి తీసి నా చేతిలో పెట్టాడు. పిండమన్నాడు. పిండాను. వేళ్ళ సందులనుంచి నీరు ధారగా కారింది. కారగా కారగా చేతిలో మిగిలింది పిడికెడు పీచు. విప్పి చూస్తే అది మట్టి కాదు. గడ్డి వేళ్ళు, నాచు, ఆకుల ఈనెలు అన్నీ నల్లబడ్డాయిగాని కుళ్ళలేదు. దీన్నే పీట్ అంటారు. మనది వేడి దేశం కాబట్టి దీనికి మన నోట పేరు పుట్టలేదు. మన బురదలో పడ్డ ఆకు నెలల్లో మట్టిలో కలిసిపోతుంది. చచ్చిన గడ్డిని సూక్ష్మజీవులు తినాలంటే వాటికి వెచ్చదనం కావాలి, గాలి కావాలి. ఇక్కడ రెండూ కరువే. నిలిచిన నీటిలో ప్రాణవాయువు లోపలికి దిగదు. చలికి సూక్ష్మజీవులు మందగిస్తాయి. ఏటా పుట్టే గడ్డిలో కుళ్ళేది పోగా కాస్త మిగులుతుంది. ఆ కాస్తమీద మరుసటి యేటి కాస్త పడుతుంది.

భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా, పదకొండో అక్షాంశం మీద, ఇలాంటి నేల వుండడానికి కారణం ఎత్తు తప్ప మరేమీ కాదు. పైకి పోతున్నకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున వుంది. అంటే కింద కోయంబత్తూరు మైదానం చెమటోడుస్తున్నప్పుడు పైన కంబళి కావాలి. ఇక తడి సంగతి. పడమటి అంచున అవలాంచి, కుందా ప్రాంతం నైరుతి రుతుపవనానికి ఎదురురొమ్ముగా నిలబడుతుంది. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్కరోజులో 800 మిల్లీమీటర్లకు మించి వాన పడింది. మన రాయలసీమలో అనేక మండలాలకు ఏడాదంతా కలిపినా అంత పడదు. తూర్పు అంచుకు ఈశాన్య రుతుపవనం వస్తుంది. వానలేని నెలల్లో పొగమంచు తడుపుతుంది.

ఈ తడినంతా పచ్చిక వాలూ, షోలా, ఊబీ మూడూ కలిసి పట్టుకొని, వేసవిదాకా కొంచెంకొంచెంగా వదులుతాయి. పైకారా వాగు మోయారై, మోయారు భవానీలో కలిసి, భవానీ కావేరిలో కలుస్తుంది. మా మిత్రుడి వరి పండే చోటు అదీ. ఆయన నన్ను పొలానికి తీసుకుపోతానని అబద్ధం చెప్పలేదు.

ఇక్కడ పాఠకులను ఒక లెక్క వెయ్యమంటాను. రెండు మీటర్ల మందం పీట్ పేరుకోవడానికి ఇరవైవేల సంవత్సరాలు పట్టిందనుకోండి. అంటే సంవత్సరానికి మిల్లీమీటరులో పదోవంతు. డెబ్భయి యేళ్ళు బతికిన మనిషి తన జీవితకాలంలో చూడగలిగేది ఏడు మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరు వెడల్పు. నాగలి కంటే, ఊరి కంటే, మన భాష కంటే పాతది ఈ పొదుపు. దీన్నే రెవెన్యూ దస్త్రం ఒక్క మాటలో బంజరు అంది.

ఆ మాట ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం చరిత్ర కావాలి. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఈ కొండల మీదికి వచ్చాడు. తెల్లదొరలకు ఇక్కడి చలీ, పచ్చికా, పొగమంచూ స్వదేశాన్ని గుర్తుకు తెచ్చాయి. మొదట ఆయన ఇల్లు, తర్వాత చెరువు, తర్వాత పటాలపు విడిది, ఆ తర్వాత నగరం. 1870 ప్రాంతంనుంచి మద్రాసు ప్రభుత్వం ఏటా వేసవి నెలల్లో దస్త్రాలతో సహా ఊటీకి తరలిపోయేది. మన సర్కారు జిల్లాలూ, రాయలసీమా ఆ ప్రభుత్వం కిందివే అని మరువరాదు. 1876–78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కాలపు గవర్నరు బకింగ్‌హాం డ్యూకే ఊటీలో గవర్నరు భవనం కట్టించినవాడు. ఆ చల్లదనం ఖర్చులో మన తాతల శిస్తు కూడా వుంది.

ఆ కొండలు అప్పుడు ఖాళీగా లేవు. తోడలు గేదెల్ని మేపేవారు, బడగలు సేద్యం చేసేవారు, ఇంకా ఇతర తెగలూ వుండేవి. తోడల పల్లెను ‘మందు’ అంటారు. ఆ మాటకూ మన ‘మంద’కూ చుట్టరికం వుంది. మంద ఎక్కడ వుంటే ఊరు అక్కడ. ఏ రుతువుకు ఏ బయలులో మేపాలో, ఏ ఊబి పక్కన ఏ గుడి కట్టాలో వాళ్ళకు కట్టుబాట్లున్నాయి. తోడల గుడి పైకప్పు వంచిన వెదురు మీద గడ్డితో కప్పుతారు. ఆ గడ్డి అంతటా దొరికేది కాదు, ఊబినేలల్లో మాత్రమే పెరిగేది. ఊబి ఎండితే గుడికి కప్పు లేదు. కాని నాగలి లేనిచోట హక్కు లేదన్నది ఆనాటి రెవెన్యూ శాస్త్రం. తోడలకు భూస్వామ్యపు హక్కు వుందా, ఒట్టి మేపుకునే హక్కా అని దొరలలో దొరలే దశాబ్దాలపాటు వాదించుకున్నారు. సల్లివన్ తోడల పక్షానే మాట్లాడాడని కూడా చెప్పాలి. ఆ వాదంలో చివరకు గెలిచింది ప్రభుత్వమే. మందుల చుట్టూ కొంత పట్టా ఇచ్చి, తక్కింది తనదనుకుంది.

తనదనుకున్న తర్వాత దాన్ని పనికి పెట్టాలి. చలికి కట్టెలు కావాలి, షోలాలు నరికారు, ఊబులు తవ్వి ఎండబెట్టి పీట్ కూడా తగలేశారు. 1840ల్లో ఆస్ట్రేలియా నుంచి యూకలిప్టస్ వచ్చింది, వాటిల్ వచ్చింది. 1860ల్లో సింకోనా వచ్చింది, తేయాకు విస్తరించింది. ఇక్కడొక చిత్రం చూడండి. ఆ పరదేశపు చెట్టును మనం తెలుగులో ఏమంటాం? నీలగిరి చెట్టు అంటాం. జలుబు చేస్తే పిల్లల ఛాతీకి రాసేది నీలగిరి తైలం. ఏ చెట్టు ఆ కొండల నీళ్ళు తాగేసిందో ఆ చెట్టుకే ఆ కొండల పేరు దక్కింది. దోచినవాడికే ఆస్తి పేరు రాసిచ్చినట్టు మన భాష కూడా సంతకం పెట్టింది. నా నోటితో నేనూ పెట్టాను.

ఇంతకూ గడ్డిబయళ్ళ మీద చెట్లు నాటడానికి ఒక న్యాయం కావలసి వచ్చింది. ఆ న్యాయం ఇది: ఈ కొండలన్నీ ఒకప్పుడు అడవే, పశువుల కాపరులు తరతరాలుగా తగలబెట్టి, మేపి దాన్ని గడ్డిబయలు చేశారు, ఇది చెడిపోయిన అడవి, చెట్లు నాటడం దాన్ని బాగు చెయ్యడమే. అందరూ ఒప్పుకున్న మాట కాదిది. 1938లో సి.ఆర్. రంగనాథన్ అనే అటవీ అధికారి, ఈ గడ్డి గడ్డకట్టే చలి వల్ల సహజంగా ఏర్పడిందని రాశాడు. అదే సంవత్సరం ఎన్.ఎల్. బోర్ అది మంటల వల్లా, పశువుల వల్లా ఏర్పడిందని వాదించాడు. కాపరి దోషా, నిర్దోషా? ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. తోడలను సాక్ష్యం అడిగినవారూ లేరు.

సాక్ష్యం ఊబిలో వుంది. అడుగునున్న పొర పాతది, పైనున్నది కొత్తది. ఏ కాలంలో ఏ మొక్క బతికిందో ఆ పీచులో రాసివుంది. దాన్ని చదవడం ఎలాగో మన పొలాల భాషలో చెబుతాను. గాలిలోని బొగ్గుపులుసు గాలిని తినే పద్ధతిలో మొక్కలు ప్రధానంగా రెండు రకాలు. చెట్లూ, వరీ ఒక పద్ధతి. జొన్న, సజ్జ, చెరకు, పొడినేలల గడ్డి చాలావరకు రెండో పద్ధతి. కర్బనంలో కొంచెం బరువైన అణువులు కొన్ని వుంటాయి. జొన్న పద్ధతి మొక్కల్లో అవి వరి పద్ధతి మొక్కల్లో కంటే ఎక్కువగా చేరతాయి. కాబట్టి వెయ్యేళ్ళ నాటి పీచును తూచి చూసినా అది ఏ పద్ధతి మొక్కదో చెప్పవచ్చు. దాని వయస్సును రేడియో కర్బనం చెబుతుంది.

1993లో సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్ అనే మన శాస్త్రజ్ఞులు నీలగిరి పీట్‌ను ఈ విధంగా చదివి ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఇరవైవేల సంవత్సరాల వృత్తాంతం బయటపడింది. 1997 నాటికి అది నలభైవేల సంవత్సరాలకు పెరిగింది. హిమయుగం ముదిరిన రోజుల్లో రుతుపవనం బలహీనపడి ఈ కొండలు ఎండిపోయాయి; జొన్న పద్ధతి గడ్డి వాలులనిండా పరచుకుంది. పదివేల యేళ్ళ కిందటి ప్రాంతంలో వానలు బలపడి, తడికోరే మొక్కలు పుంజుకున్నాయి. తర్వాత మళ్ళీ పొడికాలం వచ్చింది. అంటే గడ్డీ చెట్టూ రుతుపవనంతోపాటు ముందుకూ వెనక్కూ నడిచాయి. ఏ గేదె మందా, ఏ కాపరీ ఆ కొండెక్కక మునుపే అక్కడ గడ్డి వుంది. తోడలు మంటలు పెట్టలేదని కాదు. కొత్త చిగురు కోసం పెట్టేవారు. దానివల్ల అడవి అంచు కొంత వెనక్కి తగ్గివుండవచ్చు. కాని గడ్డిబయలును వాళ్ళు సృష్టించలేదు. నూరేళ్ళకు పైగా మోపిన నేరం ఆ నల్లబురద ముందు నిలవలేదు.

ఈ సాక్ష్యం వచ్చేనాటికి శిక్ష అమలయిపోయింది. దాన్ని అమలు చేసింది తెల్లదొరలు మాత్రమే కాదు. ఈ విషయం మనవాళ్ళు దాటవేయగూడదు. స్వాతంత్ర్యం తర్వాత రేయాన్ గుజ్జు కోసం, తోళ్ళు ఊనే వాటిల్ బెరడు కోసం ప్రభుత్వమే మిగిలిన బయళ్ళ మీద యూకలిప్టస్, వాటిల్ విరివిగా నాటించింది. కుందా జలవిద్యుత్ పథకం కింద అవలాంచి, ఎమరాల్డ్ జలాశయాలు లేచాయి. దిగువన మోటార్లు తిరిగాయి, దీపాలు వెలిగాయి. అవి అక్కర్లేదని ఎవరంటారు? 1964 శాస్త్రి–సిరిమావో ఒప్పందంతో సింహళం నుంచి తిరిగివచ్చిన తమిళ తోటకూలీలకు బతుకుతెరువు చూపడానికి 1968 నుంచి ప్రభుత్వం ఇక్కడ తేయాకు తోటలు వేసింది. ఆ కూలీల ముత్తాతలను తెల్లదొర ఒక కొండనుంచి ఇంకో కొండకు ఓడల్లో చేరవేశాడు. మనుమలను మన రాజ్యాలు రెండూ సరుకులా పంచుకున్నాయి. వాళ్ళను పట్టుకొని మీ తోట పచ్చికను చంపిందని అనడానికి నాకు నోరు రాదు.

లోయ అడుగున ఊబికి కాలవ తవ్వి, నీరు తీసేసి, కారట్, బంగాళాదుంప, కాబేజీ వేస్తున్నవారిని చూశాను. వాళ్ళలో కౌలుదారులున్నారు, రోజుకూలీలున్నారు. నల్లమట్టి మొదట్లో బంగారంలా పండుతుంది. కాని నీరు తీసిన పీట్‌లోకి గాలి దిగుతుంది. గాలి దిగితే వేల యేళ్ళుగా ఆగివున్న కుళ్ళు మొదలవుతుంది. నేల కొంచెంకొంచెంగా గాలిలో కలిసిపోతుంది. ఇంగ్లండులో హోమ్ అనేచోట ఇలాంటి నేలను ఎండగట్టినప్పుడు, 1851లో, ఒక ఇనుప స్తంభాన్ని కొన నేలమట్టంగా వుండేట్టు పాతారు. ఇప్పుడు అది సుమారు నాలుగు మీటర్లు పైకి కనిపిస్తోంది. స్తంభం పెరగలేదు, నేల తరిగింది. ప్రపంచపు నేలలో పీట్ వున్నది నూటికి మూడు వంతులే అయినా, మట్టిలో దాగిన కర్బనంలో సుమారు మూడోవంతు అందులోనే వుంది. ఎక్కడో ఎవరో ఊబి ఎండగట్టుకుంటే మనకేమని అనడానికి వీల్లేదు.

నీటి లెక్క కూడా తేలింది. ఊటీ దగ్గర గ్లెన్‌మార్గన్‌లో నేలా నీటి సంరక్షణ పరిశోధకులు పక్కపక్కనున్న రెండు చిన్న పరీవాహక ప్రాంతాలను ఎంచుకొని, 1972లో ఒకదానిలో యూకలిప్టస్ నాటి, రెండోదాన్ని గడ్డిగానే వుంచారు. పదేళ్ళలో చెట్లున్న ప్రాంతంనుంచి దిగివచ్చే నీరు నూటికి 16 వంతులు తగ్గింది. ఆ 16 వంతులు ఎవరివి? ఏ జమాఖర్చులోనూ రాయలేదు. గుజ్జు ధర రాశారు.

ఇది నీలగిరులకే పట్టిన తెగులు కాదు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటం చదివిన విద్యార్థులకు సదర్లండ్ డచెస్ కథ జ్ఞాపకం వుంటుంది. 1814–20 మధ్య స్కాట్లండు ఉత్తరాన చల్లని కొండసీమలో సుమారు పదిహేనువేలమంది రైతుల్ని గుడిసెలు తగలబెట్టి వెళ్ళగొట్టి, ఆ నేలను గొర్రెలకు ఇచ్చింది. ఆ కథకు తర్వాతి భాగం నేను ఊటీనుంచి వచ్చాక తెలుసుకున్నాను. అదే సదర్లండ్‌లో, పక్కనున్న కెయిత్‌నెస్‌లో, మైళ్ళకొద్దీ పీట్ నేలలున్నాయి. 1980ల్లో ప్రభుత్వం అడవుల పెంపకానికి ఆదాయపు పన్ను రాయితీ ఇచ్చింది. ఆ నేలను ఎన్నడూ చూడని ధనవంతులు పన్ను తప్పించుకోవడానికి దాన్ని కొని, కాలవలు కోయించి, పైన్ జాతి చెట్లు నాటించారు. 1988లో రాయితీ ఎత్తేశారు. ఇప్పుడు ఆ చెట్లనే నరికి, ఆ కాలవలనే పూడుస్తున్నారు. 2024లో యునెస్కో ఆ ఊబినేలలను ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది. మొదట మనుషుల్ని ఖాళీ చేశారు. తర్వాత ఆ ఖాళీని చూపి ఇది ఎవరిదీ కాదన్నారు. చివరకు ఆ నేల కడుపులోని నీళ్ళు కూడా తోడేశారు. అక్కడ గొర్రెలు, ఇక్కడ యూకలిప్టస్. రెండుచోట్లా దస్త్రంలో మాట ఒక్కటే: ఉత్తభూమి.

ఇక నా తప్పు చెప్పాలి. సంపదకంతటికీ శ్రమే మూలమని నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. అది మార్క్సు మాటేనని కూడా అనుకున్నాను. మార్క్సు 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మొట్టమొదట పట్టుకున్న తప్పే అది. ఉపయోగపు విలువలకు శ్రమ ఎంత మూలమో ప్రకృతీ అంతే మూలమని ఆయన స్పష్టంగా చెప్పాడు. నేను ఆ పుటను పరీక్షల కోసం చదివాను, పరీక్షల కోసమే చెప్పాను. మనిషి చెయ్యి పడని నేల పని చెయ్యని నేల అని నా మనసులో ఎక్కడో స్థిరపడిపోయింది. అది శ్రామికవర్గ దృష్టి అనుకున్నాను. నిజానికి అది శిస్తు వసూలు చేసేవాడి దృష్టి. శిస్తు రాని నేల వాడికి బంజరు. ఆ దృష్టిని తిరగేసి, బంజరును ఎవరికివ్వాలని మాత్రమే నేను పోట్లాడాను. అది బంజరేనా అని పోట్లాడలేదు.

ఊటీనుంచి వచ్చాక మా ఊరి అధ్యయన మండలిలో ఈ సంగతులు చెప్పాను. ఒక విద్యార్థిని లేచి సూటిగా అడిగింది: “అయితే మాస్టారూ, బంజరు పంచమని అడగడం మానుకోవాలా? భూస్వాములకు ఈ మాట దొరికితే రేపటినుంచి వాళ్ళూ ఊబి అనరూ?”

మంచి ప్రశ్న. అంటారు. ఇప్పటికే అంటున్నారు. పర్యావరణం పేరు చెప్పి ఆదివాసిని అడవినుంచి గెంటి, అదే అడవిలో విలాసగృహాలు కట్టేవారు మన కళ్ళముందే వున్నారు. ఊటీ చుట్టూ అలాంటి భవనాలకు కొదవలేదు. కాబట్టి జవాబు మానుకోవడం కాదు. భూస్వామి కంచె వేసుకొని బీడుపెట్టిన మాగాణి వేరు. దేవాలయం పేరిటా, బినామీల పేరిటా దాగిన నేల వేరు. వాటిని పంచమని ఇవాళ కూడా నేను మీతో నడుస్తాను. కాని ఏ నేలనైనా బంజరు అనేముందు ఒక విచారణ జరపాలి. ఆ నేల ఇప్పుడు ఏం పని చేస్తున్నది? ఆ పనిమీద ఆధారపడి బతుకుతున్నవారెవరు? ఆ విచారణలో రెవెన్యూ దస్త్రం ఒక సాక్షి మాత్రమే, అదీ పక్షపాతమున్న సాక్షి. అక్కడ గేదెల్ని మేపేవాణ్ణి పిలవాలి. కింద కాలవ చివర నీటికోసం ఎదురుచూసే రైతును పిలవాలి. శాస్త్రజ్ఞుణ్ణి పిలవాలి. మన జిల్లాల్లో జామాయిల్ తోటలు ఊళ్ళకు ఊళ్ళు కమ్ముతున్నప్పుడు మనం ఇంత విచారణ చేశామా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

ఆ అమ్మాయి పూర్తిగా ఒప్పుకోలేదు. విచారణ జరిగేలోపల పేదవాడు ఏం తినాలంది. ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. సింహళం నుంచి వచ్చిన కూలీకి ఆనాడు ఏం చెప్పగలిగేవాళ్ళమో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. తోడలకు చెందిన బయలునీ, కూలీ ఆకలినీ ఒకదానిమీద ఒకటి పోటీకి నిలబెట్టినవాడు తన తోటలో ఒక్క ఎకరం వదులుకోలేదు. మంచి నేల ముందే ఆక్రమించుకొని, మిగిలిన పేదలిద్దరినీ ఊబి గట్టున కొట్టుకోమన్నాడు.

మొన్న మిత్రుడి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆ లోయలో కొంతమేర వాటిల్ తీసేసి గడ్డిని తిరిగి పెంచడానికి ప్రయత్నిస్తున్నారట. తోడ యువకులు కూడా అందులో వున్నారట. గడ్డి రెండు మూడేళ్ళలో వస్తుందిగాని పీట్ రాదు, దానికి మన లెక్కలో కాలం చాలదని రాశాడు. ఉన్నదాన్ని తడిగా వుంచడమే చెయ్యగలిగింది అన్నాడు. చివర నా చెప్పు సంగతి రాశాడు: అది ఇంకా అక్కడే వుంటుందట, గాలి తగలదు కాబట్టి కుళ్ళదట, వెయ్యేళ్ళ తర్వాత ఎవరైనా తవ్వితే, ఈ కాలంలో ఇక్కడికి ఒక అర్థశాస్త్రపు మేష్టారు వచ్చి దిగబడ్డాడని తెలుసుకుంటారట.

నేను జవాబు రాశాను. నల్లబల్ల మీది పట్టికలో నాలుగో గడి పేరు చెరిపేశాననీ, కొత్త పేరు ఇంకా దొరకలేదనీ రాశాను.